ఏడో పట్టీ

కడప,
9–1–1955.

కర్నూలు ప్లీడరు, బేబీ కారు యజమాని, మా అక్క మెడలో పుస్తె కట్టిన మహారాజశ్రీ తిమ్మయ్య బావగారి సముఖానికి –

డుం డుం డుం. కొత్త రాజధాని కర్నూలులో నివసించే సకల జనులకు, అందులోనూ నాలుగు చక్రాలు గల ఘనులకు ఇందుమూలంగా చాటింపు వేయించేదేమంటే: నిన్న సాయంకాలం అయిదు గంటల బస్సులో మా అక్క కృష్ణవేణమ్మ ఒక ట్రంకు పెట్టెతో, ఒక ఊరగాయ జాడీతో, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని కడప బస్టాండులో దిగింది. తమరి కారెక్కి కోడుమూరు చేను దాకా పోయి వచ్చిన పుణ్యానికి ఆమె నడుము పట్టుకుంది. ఆ కారు కుదుపు మానేదాకా ఆమె కర్నూలు గడప తొక్కదు. ఇది శాసనం. ఆమె రెండు చేతులూ నడుం పట్టుకునే పనిలో ఉన్నందువల్ల సంతకం నేను చేస్తున్నాను. డుం డుం.

చాటింపు అయింది. ఇక ఇంటి సంగతి.

రెండు చేతులూ నడుం మీద అన్నది ఆమె రాయమన్న మాట. నేను చూసింది వేరే. నేను నాలుగో ఫారం తప్పి బస్సు కంపెనీలో టికెట్లు కోసుకునేవాణ్ణి. చదువు లేకపోయినా బస్సు దిగే మనిషిని చూసి ఎందుకెక్కిందో చెప్పగలను. నూట ముప్పై మైళ్ళు వెనక చక్రం మీది సీటులో కూర్చున్నవాళ్ళు మైదుకూరు చేరేసరికి దేవుళ్ళందరినీ పేరు పెట్టి పిలుస్తారు. అక్క మాత్రం చెంగున దిగి, జాడీ తానే మోసుకుంటూ, "ఏంరా బొజ్జన్నా, బాగుండావా? రామసుబ్బమ్మ ఏం కూర చేస్తాంది?" అని అడిగింది. ఇంటికి చేరగానే రామసుబ్బమ్మ, అంటే నా భార్య, వంకాయ అని చెప్పింది. రెండు ముద్దలు ఎక్కువే తిన్నది. తరువాత నేను "బావ ఎట్లుండాడక్కా?" అన్నాను. అప్పుడు పట్టుకుంది నడుము.

బస్సులో నూట ముప్పై మైళ్ళకు పట్టని నడుము, మీ కారులో ఇరవై మైళ్ళకు ఎట్లా పట్టింది? ఇందులో ఏదో ఉంది. అది మీకు తెలుసు, ఆమెకు తెలుసు. నాకొక్కడికే తెలియదు. నాకు తెలియని సంగతి మా ఇంట్లో ఉంటే నాకు నిద్ర పట్టదు.

మీ బావమరిది,
బొజ్జన్న.

*

కర్నూలు,
17–1–1955.

చిరంజీవి బొజ్జన్నకు తిమ్మయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ జాబు చేరింది. అందులోంచి వెటకారాన్ని తీసేస్తే మిగిలినవి మూడు వాక్యాలు. వాటికి జవాబిస్తున్నాను.

కారులో ఏ దోషమూ లేదు. పదిహేడేళ్ళ కారే. అయినా ఆత్మకూరు మద్దిలేటయ్య, ఆ వెదుళ్ళ కాంట్రాక్టరు, దాన్ని బిడ్డలా చూసుకున్న మనిషి. కళ్ళు మసకబారి, ఇక నడపలేక నాకిచ్చాడు. మూడేళ్ళుగా రోజూ కోర్టుకు, వారానికి రెండుసార్లు కోడుమూరు చేనుకు అది నన్ను మోస్తూనే ఉంది. నన్నే కాదు, నా లా పుస్తకాల ఇనప పెట్టెను కూడా. ఏ నిమిషాన ఏ పుస్తకం కావలసివస్తుందో తెలియదు గనుక ఆ పెట్టె ఎప్పుడూ కారులోనే, వెనకసీటు ముందు ఎడమవైపున ఉంటుంది. వెనక కుడివైపు తలుపు కొన్ననాటినుంచీ తెరుచుకోదు. అది దోషం కాదు, దాని స్వభావం.

దోషమంతా రోడ్డుది. కర్నూలుకు రాజధాని వచ్చింది, గుడారాల్లో ఆఫీసులు వచ్చాయి, ఆ ఆఫీసులకు బీరువాలు మోసే లారీలు వచ్చాయి. పోయింది రోడ్డొక్కటే. కోడుమూరు దోవలో ఇప్పుడు గుంతల మధ్య అక్కడక్కడా రోడ్డు కనిపిస్తుంది. దానికి కారేం చేస్తుంది, నేనేం చేస్తాను?

మీ అక్క ఒళ్ళు సున్నితం. పుట్టింటి గాలికి నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది. మీ అక్కతో చెప్పు: వంటకు పెట్టుకున్న ఉరుకుందమ్మ రసంలో చింతపండు వేయడం ఒకరోజు మరిచిపోతుంది, మరునాడు ఆ బాకీ కూడా కలిపి వేస్తుంది. కాదు, అది చెప్పకు. ఎప్పుడొస్తుందో మాత్రం అడుగు.

ఇట్లు,
తిమ్మయ్య, బి.ఏ., బి.ఎల్.

*

కడప,
26–1–1955.

బావగారికి బొజ్జన్న నమస్కారాలు.

అడిగాను. నేను అడిగితే చెప్పలేదు. నా భార్య అడిగితే చెప్పింది. ఆడవాళ్ళిద్దరూ పెరట్లో కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తున్నారు. నేను గోడ ఇవతల పళ్ళు తోముకుంటున్నాను. సాయంకాలం నాలుగింటికి పళ్ళు తోమడమేమిటని అడగకండి.

"వదినా, నొప్పి యాడుండాది?" అంది రామసుబ్బమ్మ.

"ఈడ" అంది అక్క.

నేను గోడ మీదుగా చూశాను. చెవి చూపిస్తోంది.

"చెవా? కారు కుదిపితే చెవెట్ల నొస్తాది?"

"కారు కుదిపింది నడుమును. చెవిని కుదిపింది మీ అన్న."

తరువాత మొత్తం చెప్పింది. నేను చెప్పేదాంట్లో తప్పుంటే ఆక్షేపించండి. కోడుమూరు చేని గట్టు దగ్గర కారు ఒక గుంతలో పడి లేచింది. అక్క "అబ్బా, నడుమిరిగె" అంది. తమరు దిగారు. కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. కారు బరువును చక్రాల మీద ఆపే ఉక్కు పట్టీల కట్ట, జట్కావాళ్ళు కమాను అంటారే, దాన్ని వెనక ఎడమ పక్క వంగి చూశారు. చూసి, చెనిక్కాయ పెరుకుతున్న కూలివాళ్ళందరికీ వినపడేట్టు సెలవిచ్చారు: "ఇరగదా మరి! నువ్వు కూచున్న పక్కనే కమాను పడిపోయిండాది చూడు. నీ బరువు మోయలేకనే!"

కూలివాళ్ళు నవ్వారు. ఎంతమంది నవ్వారో కూడా అక్క లెక్కపెట్టింది. తొమ్మిది మంది.

అన్నీ చెప్పి చివరికి ఆమె అన్న మాట ఇది, ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను: "ఇరవై ఆరేండ్లు ఆ ఇంటి బరువు నేను మోస్తి. నా బరువు ఇరవై మైళ్ళు మోయలేకపోయెనా ఆ కారు?"

పళ్ళు తోముకునే పుల్ల నా నోట్లోనే విరిగింది.

బావా, నేను జీవితంలో చాలామందిని ఏడిపించాను. చెవిటి స్టేషన్‌మాస్టరుకు రైలు వచ్చేసిందని చెప్పి పరుగెత్తించాను. సొంత మామకు ఉప్పు వేసిన కాఫీ ఇచ్చాను. కాని తొమ్మిది మంది ముందు పెళ్ళాన్ని తూకం వేయలేదు. అది నాకు కూడా చేతకాదు.

ఇప్పటి పరిస్థితి మనవి చేస్తాను. ఊళ్ళో ఎక్కడికి పోవాలన్నా ఆమె ఖాసిం సాహెబ్ జట్కాలో పోతోంది. ఈయన జట్కాలకు కమాన్లు కట్టడంలో నలభై ఏళ్ళుగా పేరున్న ముసలాయన. "జట్కా పూలపల్లకి మాదిరి ఉండాది, గుర్రం గూడా ఏమనలేదు" అని మీకు వినపడాలని ఆమె నాతో అంటోంది. మొన్న మిషను కుట్టు నేర్పే బడిలో పేరు రాయించింది. ఆరు నెలల చదువు. "ఆర్నెల్లా అక్కా?" అంటే, "ఈడనే ఉంటే ఏమంట?" అంది. అది వేళాకోళం గొంతు కాదు. ఆ గొంతు నాకు తెలుసు.

బొజ్జన్న.

*

కర్నూలు,
4–2–1955.

చిరంజీవి బొజ్జన్నకు,

గోడ చాటు సాక్ష్యం ఏ కోర్టులోనూ చెల్లదు. అయినా నేను ఆ మాట అనలేదని అనను. అన్నాను. అయితే ఉన్నదే అన్నాను. పరువునష్టం దావాలో ఉన్నది ఉన్నట్టు చెప్పడం పూర్తి రక్షణ అని నీకు తెలియదు, నాలుగో ఫారంలో చెప్పరు.

నిన్న చదునైన నాపరాళ్ళ మీద కారు నిలబెట్టి వెనకసీటు మధ్యలో ఒక గోలీ పెట్టాను. అది నేరుగా ఎడమవైపుకు దొర్లి ఇనప పెట్టెకు తగిలి ఆగింది. మూడుసార్లు పెట్టాను, మూడుసార్లూ అంతే. ఎడమపక్క నేను కూర్చోను. నేను నడిపేవాణ్ణి, కుడిపక్క ముందుంటాను. ఎడమవైపు వెనక కూర్చునేది మీ అక్క. ఇక దీన్ని ఏమనాలి?

కాని ఏకపక్షంగా తీర్పు చెప్పాననే నింద నాకు వద్దు. పరీక్ష చేయిద్దాం. ఇక్కడి మెకానిక్కులందరూ సర్కారు జీపుల కింద పడుకుని ఉన్నారు, బయటికి లాగినా రారు. వాళ్ళలో ఓబులేసు అనేవాడు ఆదివారం వచ్చి వెనక కమాన్లు రెండూ, కుదుపు మింగే షాకబ్జర్ డబ్బాలు రెండూ విప్పాడు. ముందుగా పుస్తకాల పెట్టె దించడానికి ఇద్దరు మనుషులు కావలసివచ్చారు. ఆ జిడ్డు సరుకు నేను ముట్టలేదు. గోనెలో కుట్టించి మీ బస్సు పైన వేయించాను. ఎడమదానికి ఎర్రదారం కట్టించాను. మీ ఖాసిం సాహెబుకే చూపించు. అతను గుర్రాల వైపు మనిషే అయినా ఒప్పుకుంటున్నాను.

షరతు రాసుకో. ఆ కమాను పడిపోవడానికి మీ అక్క బరువు కారణం కాదని తేలితే, నేను క్షమాపణ చెబుతాను. అదే కారణమని తేలితే, ఆమె మారుమాట లేకుండా వచ్చి కారెక్కాలి. మీ అక్కతో చెప్పు.

కారు ఇప్పుడు ఇటుకల మీద ఉంది. నేను జట్కాలో కోర్టుకు పోతున్నాను. గుర్రం ఏమీ అనడం లేదు, గుమాస్తాలు అంటున్నారు.

తిమ్మయ్య, బి.ఏ., బి.ఎల్.

*

కడప,
16–2–1955.

బావగారికి,

కూర్చుని చదవండి. నిలబడి చదివే జాబు కాదు ఇది.

మూట చేరింది. నేనూ అక్కా ఖాసిం సాహెబ్ పెరటికి పోయాం. ఆయన గోనె విప్పి, కమాన్లు రెండూ పక్కపక్కన నేలమీద పెట్టాడు. కుడిది విల్లు మాదిరి వంపుతో ఉంది. ఎర్రదారం కట్టిన ఎడమది వేసవిలో కుక్క నాలుక మాదిరి సాగిలపడింది. సాహెబ్ గడ్డం నిమురుకుని, "అరె, ఇది కారుదా? నేను పెద్ద జట్కాది అనుకుంటి" అన్నాడు. మీకు కోపం రావాలని రాస్తున్నాను.

మధ్య బోల్టు ఊడదీసి పట్టీలు విడదీశాడు. పొడుగుది కింద, పొట్టిది పైన, బడిపిల్లల మాదిరి వరసగా పేర్చాడు. లెక్కపెట్టాం.

కుడి కమానులో పట్టీలు ఏడు.

ఎడమ కమానులో ఆరు.

నేను నమ్మక మళ్ళీ లెక్కపెట్టాను. ఆరు. మూడోసారి వేళ్ళకు జిడ్డు అంటించుకుని మరీ లెక్కపెట్టాను. ఆరు బావా, ఆరంటే ఆరు. ఎవడో పాపాత్ముడు ఒక పట్టీ కాజేసి, ఆరింటినే బిగించి ఊరుకున్నాడు. ఏడుగురు మోయాల్సిన పల్లకిని ఆరుగురు మోస్తే ఆ మూల కుంగకేం చేస్తుంది? అందులో కూర్చున్నది పెళ్ళికూతురా, ఉత్త దిండా అని చూడాల్సిన పని లేదు. మీ గోలీ మూడుసార్లు కాదు, ముప్పైసార్లు దొర్లినా అది చెప్పేది పట్టీ సంగతే, మా అక్క సంగతి కాదు.

సాహెబ్ ఇంకో మాట కూడా అన్నాడు గాని అది ఈ జాబుకు పనికొచ్చేది కాదు, వదిలేశాను.

ఆయన పని మొదలుపెట్టాడు. పట్టీలు ఒక్కొక్కటే కొలిమిలో ఎర్రగా కాల్చి, సుత్తితో వంపు తిప్పి, నూనెలో ముంచుతున్నాడు. ఆ చప్పుడు చుయ్ అని వస్తుంటే అక్క అక్కడే తిరగేసిన రోలు మీద కూర్చుని చూస్తోంది. లేని పట్టీ ఒకటి జట్కాల సరుకులోంచి ఏరి వేస్తానన్నాడు. పాతవాటిలో ఎక్కడ కలిసిపోయిందో తెలియకుండా వేస్తాడు, ఆయన పనితనం అది. తరువాత వెతికి చూసి, కొత్తది ఏదీ అని నన్ను అడగకండి.

షరతు ప్రకారం తమరు క్షమాపణ బాకీ. అయితే ఒక చిక్కుంది. మీ జాబు అక్కకు చదివి వినిపించాను. చివర్న ఆమె అంది: "మీ అక్కతో చెప్పు, మీ అక్కతో చెప్పు అని రాస్తాండాడు. నాకు పేరు లేదా? నాకు చదువు రాదా? నేనేమన్నా నోటీసు బోర్డా?"

ఇక మీ ఇష్టం.

బొజ్జన్న.

*

కర్నూలు,
23–2–1955.

కృష్ణవేణికి,

ఏమని మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను. జడ్జీలకు, కలెక్టరుకు, ఒకసారి గవర్నరుకు కూడా రాశాను. నీకెప్పుడూ రాయలేదు. నువ్వు ఎప్పుడూ ఇంట్లోనే ఉన్నావు గనక రాసే అవసరం రాలేదనుకున్నాను. పిలిచే అవసరం కూడా రాలేదని ఇప్పుడు తోస్తున్నది. ఏమే అనడం, ఇదిగో అనడం. అంతే.

చేని గట్టు మీద నేనిచ్చిన తీర్పు తప్పు. సాక్ష్యం విప్పి చూడకుండా ఇచ్చాను. ముప్పై ఏళ్ళ ప్లీడరీలో ఏ మునసబు అలా చేసినా ఊరుకోలేదు, నేను చేశాను. దానిని రద్దు చేసుకుంటున్నాను.

నిన్న కోడుమూరుకు బస్సులో పోయి ఆ తొమ్మిది మందినీ వెతికాను. ఏడుగురు దొరికారు. వాళ్ళను గట్టు మీద నిలబెట్టి, కమానులో ఒక పట్టీ లేదని, దోషం అమ్మది కాదని, ఆనాటి మాట నాదే తప్పని చెప్పాను. వాళ్ళకు సగం అర్థమైంది. "అయితే అమ్మ రాలేదా సామీ?" అన్నారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అదే మాట గుర్తుకొస్తూ ఉన్నది. మిగిలిన ఇద్దరూ బళ్ళారి వైపు పనికి పోయారు. రాగానే వాళ్ళకూ చెబుతాను.

ఉరుకుందమ్మ బాగానే వండుతున్నది. నేనే తినలేకపోతున్నాను.

కమాన్లు వచ్చి బిగించిన తరువాత నిన్ను తీసుకురావడానికి రావచ్చునా? జవాబు నువ్వే రాయి.

ఇట్లు,
తిమ్మయ్య, బి.ఏ., బి.ఎల్.

(డిగ్రీలు చేతి అలవాటు కొద్దీ పడ్డాయి. కొట్టేశాను.)

*

కడప,
10–3–1955.

బావగారికి,

జాబు చేరింది. కవరు మీద ఆమె పేరు చూసి పోస్టుమాను నాకివ్వలేదు, ఆమెను పిలిచి ఇచ్చాడు. ఆమె లోపల గదిలోకి పోయి చదివింది. ఎంతసేపని? రామసుబ్బమ్మ అన్నం వార్చి, పప్పు తాళించి, నన్ను రెండుసార్లు తిట్టేదాకా. బయటికి వచ్చి కాగితం మడిచి ఊరగాయ జాడీ కింద పెట్టింది. అందులో ఏముందో నాకు చెప్పలేదు. జాడీ ఎత్తి చూద్దామని పోతే రోకలి చూపించింది. కాబట్టి మీరేం రాశారో తెలియదు, బాగానే రాసి ఉంటారు. ఆ రోజు నుంచి నడుం పట్టుకోవడం మరిచిపోయింది.

సరుకు రేపటి బస్సులో వస్తోంది. జరిగిన మరమ్మతు వినండి. కమాన్లు రెండూ ఇప్పుడు ఒకే వంపులో, కవల పిల్లల మాదిరి ఉన్నాయి. కమాను కొసల్లో బోల్టు చుట్టూ ఉండే రబ్బరు బుష్షులు అరిగిపోతే పీకేసి, గ్రీజు పోవడానికి చిల్లులున్న ఇత్తడి బుష్షులు వేశాడు. పట్టీల మధ్య దుమ్ము దూరకుండా మా వీధి చెప్పులు కుట్టే ఆయన చేత తోలు తొడుగులు కుట్టించాం. మీ కాలికి కూడా అంత మంచి తోలు లేదు. షాకబ్జర్ డబ్బాలు తెరిస్తే లోపల ఎండి, సాలెపురుగు కాపురం ఉంది. కడిగి, ఆముదం వడకట్టి నిండా పోశాం. కడుపు నొప్పికి, కాళ్ళ పగుళ్ళకు, కారు కుదుపుకు మన సీమలో ఒకటే మందు.

ఓబులేసుకు చెప్పండి: బోల్టులు కారు ఇటుకల మీద ఉండగా సగమే బిగించాలి. ఇటుకలు తీసి, కారు బరువు కమాన్ల మీద పడ్డాకే పూర్తిగా బిగించాలి. "బరువు పడకముందే బిగిస్తే బుష్షు చస్తాది" అన్నాడు సాహెబ్. ఆయన కాపురాల గురించి చెబుతున్నాడేమోనని నాకు అనుమానం.

ఇక అక్క షరతు. కడపలో జట్కా కమాను బాగుందో లేదో చూడడానికి సీటు మీద నిండు చెంబు మజ్జిగ పెట్టి బండి తోలుతారు. ఒలికితే కమాను మళ్ళీ కొలిమికి పోతుంది. అక్క కింద తన చేత్తోనే రాస్తోంది చూడండి. నేను కాగితం వదులుతున్నాను.

*రండి. చెంబు నా ఒళ్ళో పెట్టుకుంటాను. ఒలికితే నంద్యాలలో దిగి బస్సులో వెనక్కి వస్తాను. పుస్తకాల పెట్టె తేవద్దు, నా కాళ్ళు పెట్టుకునే చోటు అది. – కృష్ణవేణి*

బొజ్జన్న.

*

కర్నూలు,
2–4–1955.

చిరంజీవి బొజ్జన్నకు,

మొన్న ఆదివారం మీ ఇంటి ముందు నుంచి మేము బయలుదేరడం నువ్వు చూశావు. మిగిలింది విను.

చెంబు నిండుగా ఉంది. మైదుకూరు దాకా మేమిద్దరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. చుక్క కదలలేదు. ఆళ్ళగడ్డ దగ్గర ఒక ఎద్దులబండికి దారి ఇచ్చి గుంతలోకి దించాను. కారు మెత్తగా కూర్చుని మెత్తగా లేచింది. అద్దంలో చూశాను, చెంబు వైపు చూస్తూ చిన్నగా నవ్వుతున్నది. నంద్యాలలో దిగలేదు. మజ్జిగ వేడెక్కుతుందని, కాస్త ఉప్పు వేసి నాకు పావు చెంబు తాగడానికి ఇచ్చింది.

ఓర్వకల్లు దాటాక మాత్రం మిగిలిన మజ్జిగ ఒలికింది. రోడ్డు బాగానే ఉంది, కమాన్లు బాగానే ఉన్నాయి. నేనే సంతోషం పట్టలేక, "చూశావా, ఇప్పుడు నీ బరువుకు కూడా..." అని మొదలుపెట్టాను. చెంబు దానంతట అదే లేచి నా మెడ మీద ఒలికింది. తరువాత ఇంటిదాకా ఇద్దరం నవ్వుతూనే వచ్చాం. ఉరుకుందమ్మ నన్ను చూసి, "సామికి మజ్జిగ అభిషేకం జరిగిండాది" అన్నది.

ఇక అసలు సంగతి. ఇంత అవమానానికి, మూడు నెలల ఎడబాటుకు మూలం ఆ ఆత్మకూరు మద్దిలేటయ్య. పట్టీ తీసేసిన కారును మంచిదని నాకు అంటగట్టాడు. పదునైన నోటీసు ఒకటి తయారు చేశాను. పదకొండో తేదీ సోమవారం ఆత్మకూరు పోయి, బజారులో పదిమంది చూస్తుండగా అతని చేతికే ఇస్తాను. అతను కాదంటే దావా. నువ్వూ ఖాసిం సాహెబూ సాక్షులు. కోర్టులో బోనెక్కి, ఎడమ కమానులో పట్టీలు ఆరే అని ప్రమాణం చేయాలి. సాహెబుకు కురాను, నీకు భగవద్గీత.

ఓబులేసు ఒకడు, విప్పేనాడే ఏడు చూసినట్టు గుర్తని గొణుగుతున్నాడు. వాడికి లెక్కలు రావు.

తిమ్మయ్య.

*

కడప,
6–4–1955.

బావగారికి బొజ్జన్న నమస్కరించి రాసేది.

ఈసారి డప్పు లేదు. ఈ జాబు అందగానే ఆ నోటీసు చింపేయండి. ఆత్మకూరు పోవద్దు. కళ్ళు సరిగా కనపడని పెద్దమనిషిని బజారులో నిలబెట్టవద్దు. చేని గట్టు మీద ఒకరిని నిలబెట్టింది చాలు.

మీ జాబు తీసుకుపోయి సాహెబుకు చదివి వినిపించాను. కురాను అన్న మాట దగ్గర ఆయన సుత్తి కింద పెట్టాడు. "బొజ్జన్నా, నువ్వేం రాసినావో నాకు తెల్దు. కురాను మింద నేను ఉండేదే చెప్తా. ఇంగ నా పెరట్లోకి రావద్దు" అన్నాడు. నలభై ఐదేళ్ళలో నా వేళాకోళానికి నవ్వని మనిషిని చూడడం ఇదే మొదలు.

ఆ రోజు సాహెబ్ అన్న మాట ఒకటి వదిలేశానని రాశాను గుర్తుందా? ఇప్పుడు రాస్తున్నాను. ఎడమ కమాను చేతిలోకి తీసుకుని, వేలితో వంపు రాస్తూ అన్నాడు: "ఇది మనిషి కూచున్న బరువు కాదప్పా. మనిషి ఎక్కుతాడు, దిగుతాడు, కమాను మళ్ళా లేస్తాది. ఇది దిగని బరువు."

అక్క మూడేళ్ళలో మీ కారెక్కింది పదకొండుసార్లు. ఆమెకు లెక్కలన్నీ ఉంటాయి. మూడేళ్ళుగా రాత్రింబవళ్ళు ఆ మూల దిగకుండా కూర్చున్నది ఏమిటో మీరే రాశారు. దాన్ని దించడానికి ఇద్దరు మనుషులు కావలసివచ్చారని కూడా మీరే రాశారు. మీ గోలీ దొర్లి దొర్లి పోయి దేనికి తగిలి ఆగిందో, అదీ మీరే రాశారు. ప్లీడరు బావా, సాక్షి మూడుసార్లు వేలు పెట్టి చూపించినా మీకు కనపడలేదు.

అప్పుడే ఎందుకు చెప్పలేదంటారా? మీ పుస్తకాల పెట్టె వల్ల కుంగిందని రాసి ఉంటే మీరు అప్పీలుకు పోయేవారు. పెట్టె తూకం ఎంత, అక్క తూకం ఎంత అని నాకు తిరుగు టపాలో రాసేవారు. ఆమె ఈ పాటికి మిషను మీద లంగాలు కుడుతూ ఉండేది. తప్పు మీది కాదు, ఎవడిదో అన్నాను. వెంటనే మీ నోటినుంచి క్షమాపణ వచ్చింది. ప్లీడర్లకైనా, మొగుళ్ళకైనా తప్పు దించి పెట్టుకోవడానికి ఇంకొకడి నెత్తి కావాలి. మద్దిలేటయ్య దూరంగా ఉన్నాడు గదా, ఆయనకు నొప్పి తెలియదు అనుకున్నాను. మీరు నోటీసు రాస్తారని నేను కలగనలేదు. అది నా తప్పు.

ఈ జాబు అక్కకు కనపడకుండా దాచాలని చూడకండి. ఆ రోజు రోలు మీద కూర్చుని పట్టీలు నాతోబాటు లెక్కపెట్టింది ఆమే. "ఇట్లా రాస్తానక్కా" అంటే, "రాయి. నువ్వు నాలుగో ఫారం తప్పింది లెక్కల్లోనే గదా, ఎవురూ అనుమానపడరు" అంది. మీ మాట అబద్ధపు ఆధారం మీద నిలబడినా, బస్సెక్కి కోడుమూరు పోయి ఏడుగురిని వెతికింది మాత్రం నిజమేనని ఆమెకు తెలుసు. దానికే వచ్చింది. పట్టీకి కాదు.

పెట్టె మళ్ళీ కారులోకి ఎక్కించారా? ఎక్కించి ఉంటే ఈ రోజే దించండి. మిగిలిన ఇద్దరు కూలివాళ్ళు బళ్ళారి నుంచి వస్తే వాళ్ళకు ఏ కథ చెబుతారో మీ ఇష్టం. ఓబులేసును మాత్రం ఏమీ అనకండి, వాడికి లెక్కలు బాగా వచ్చు.

ఎడమ కమానులో పట్టీలు ఏడు. మీరు పంపినప్పుడూ ఏడే, నేను తిరిగి పంపినప్పుడూ ఏడే. ఆరు అన్నది నేను పుట్టించింది.

మీ బావమరిది,
బొజ్జన్న.